మూడు వేళ్ల పరీక్ష

మహారాష్ట్ర అంచున, గోదావరి దగ్గరి తెలుగు ఊరు అంకిసలో గణపతి ఇంట్లో పొద్దున్నే ముందు వినిపించేది పొయ్యి చప్పుడు కాదు, ప్రణాలి చెక్కపీట మీద ఖర్రా రుద్దే చప్పుడు.

ఖర్రా తెలియని పాఠకుల కోసం ఒక మాట. వక్క ముక్కలు, పొగాకు, తడి సున్నం ఒక ప్లాస్టిక్ కవరులో వేసి మూతి మెలిపెట్టి, చెక్క మీద అరచేత్తో అటూ ఇటూ రుద్దుతారు. కాసేపటికి వక్క మెత్తబడి, సున్నం పట్టి, తినడానికి సిద్ధమవుతుంది. సిరొంచ దగ్గర మొదలుపెట్టి గడ్చిరోలి దాకా ఏ ఊరికి వెళ్లినా ఇది ఉంటుంది. చుట్టం వస్తే మంచినీళ్ల తర్వాత చేతిలో పెట్టేది ఇదే. పంచాయితీ కూర్చుంటే నడుమ తిరిగేది ఇదే. అమ్మకూడదని ప్రభుత్వం చెప్పిందన్న సంగతి అందరికీ తెలుసు. అయినా అది దొరకని వాడ లేదు.

గణపతికి రెండెకరాల వరి పొలం ఉంది. నీళ్లు తగ్గిన రోజుల్లో గోదావరిలో వల వేస్తాడు. పొలానికి పోయినా నదికి పోయినా జేబులో ఖర్రా ఉండాల్సిందే. ప్రణాలి అతని పెద్ద సంతానం, ఆమె తర్వాత ఒక తమ్ముడు. పదిహేనేళ్లు. ఊళ్లోని మరాఠీ బడిలో తొమ్మిదో తరగతి చదువుతోంది. తండ్రికి ఖర్రా రుద్ది ఇవ్వడం మూడో తరగతి నుంచి ఆమె పని.

"దుకాణపోడు రుద్దిందాంట్ల గరుకుంటది. నా బిడ్డ రుద్దితే నోట్లె ఏసుకోంగనే కరుగుతది," అని పడవలో తోటివాళ్లకు చెప్పుకొని మురిసిపోయేవాడు గణపతి.

ఆ ఇంట్లో ఇంకో సంగతి కూడా రోజూ జరుగుతూ ఉండేది. అన్నం దగ్గర ప్రణాలి అందరికన్నా ముందు కూర్చునేది, అందరికన్నా చివర లేచేది. ముద్ద చిన్నగా చేసి, పెదవుల సందులోంచి లోపలికి నెట్టినట్టుగా తినేది. చేపల పులుసు పెడితే ముక్కను నీళ్లలో కడుక్కునేది.

"ఏందే, పిట్ట తిన్నట్టు తింటవు? కారం లేంది కూరెట్లయితది?" అని నాయనమ్మ వెంకటవ్వ గదమాయించేది.

"మండుతది బాపమ్మా."

"నీ ఈడుల నేను పచ్చి మిరపకాయ నంజుకొని జొన్న గటక తిన్న. సదువుకునే పిల్లలకు నాలుకలు గూడ సుకుమారమే అయితయి!"

తల్లి సోమక్క నవ్వేది. ప్రణాలి కూడా నవ్వేది, నోరు పూర్తిగా తెరవకుండా. ఆడపిల్ల నోరు మూసుకొని నవ్వితే తప్పేముంది? అణకువ అనుకున్నారు. వాళ్లంతా పిల్లను ప్రేమించినవాళ్లే. రోజుకు రెండు పూటలా ఆమె ఎదురుగా కూర్చున్నవాళ్లే. కానీ ఏమీ కనిపించలేదు.

జులైలో ఒక మంగళవారం బడికి జీపు వచ్చింది. సిరొంచ ఆసుపత్రి నుంచి పళ్ల డాక్టరు వసుధ, ఒక నర్సు, అంకిస ఆశా కార్యకర్త యాదక్క అందులోంచి దిగారు. వసుధ పరాయి మనిషి కాదు. సిరొంచలో బట్టల దుకాణం నడిపే దత్తయ్య గారి కూతురు. నాగపూరులో చదివి వచ్చింది. ఇంటి భాష తెలుగే.

ఎనిమిదో తరగతి నుంచి పై పిల్లలందరినీ వరండాలో నిలబెట్టారు. ప్రణాలి తరగతి మాస్టారు వాసుదేవ్ సర్, ఖర్రా తినేది మగపిల్లలేనన్న అనుమానం కొద్దీ, వాళ్లని ముందు వరుసలో పెట్టాడు. "ఈళ్ల నోళ్లు మంచిగ చూడుండ్రి మేడం. ఆడపిల్లలది ఊకనే, పది నిమిషాల పని," అన్నాడు. అంటున్నప్పుడు ఆయన దవడలో కూడా ఒక ఖర్రా ఉండ ఉంది.

వసుధ పిల్లలకు చెప్పింది. "చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు. మూడూ ఒకదాని మీద ఒకటి నిలువుగ పెట్టి, పై పళ్లకు కింది పళ్లకు నడుమ పట్టించాలె. పట్టినోళ్లు పక్కకు రండి. పట్టనోళ్లు నా దగ్గరికి రండి."

పిల్లలకు అదొక ఆటయింది. మగపిల్లల్లో నలుగురికి మూడో వేలు ఇరుకయింది. వాళ్ల పేర్లు రాసుకున్నారు. ఆడపిల్లల వరుస చకచకా నడిచింది, ప్రణాలి దాకా.

ప్రణాలికి రెండు వేళ్లు పట్టాయి. మూడోది పట్టలేదు. వేళ్లు తప్పుగా పెట్టానేమో అనుకొని మళ్లీ పెట్టింది. నెట్టింది. పంటి కింద వేలు గీసుకుపోయిందే తప్ప లోపలికి వెళ్లలేదు.

వసుధ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి టార్చి వేసి చూసింది. బుగ్గ లోపల ఎర్రగా, మెత్తగా ఉండాల్సిన చోట వెలిసిపోయిన గుడ్డలాగా పాలిపోయి ఉంది. చేతి తొడుగు వేసుకున్న వేలితో నిమిరితే గట్టి దారాలు తగిలినట్టు తగిలింది. ఎడమ వైపు గోరంత తెల్ల మచ్చ ఉంది. గుడ్డతో తుడిస్తే పోలేదు.

"ఖర్రా తింటవా బిడ్డా?"

"లేదు మేడం."

"గుట్కా? వక్కపొడి?"

"లేదు."

"నేనెవ్వరికి చెప్ప. నిజం చెప్పు."

"లేదు మేడం, ఒట్టు." ప్రణాలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వసుధ తికమకపడింది. ఇలాంటి నోళ్లు ఆమె చాలా చూసింది. తినకుండా ఇలా కావడం మాత్రం చూడలేదు. ఎదురుగా ఉన్న పిల్లను చూస్తే అబద్ధం చెబుతున్నట్టూ లేదు. ఒక చీటీ మీద మరాఠీలో నాలుగు ముక్కలు రాసి, గురువారం తల్లినీ తండ్రినీ తీసుకొని ఆసుపత్రికి రమ్మని చెప్పింది.

సాయంత్రం గణపతి ఆ చీటీని వాకిట్లో వెలుతురులో పట్టుకొని చదివాడు. అతను మరాఠీలో ఐదో తరగతి దాకా చదివాడు. "కర్కరోగపూర్వ లక్షణ" అని ఉంది. కర్కరోగ్ అంటే క్యాన్సర్ అని తెలుసు. ఆసుపత్రి గోడ మీద బొమ్మతో సహా రాసి ఉంటుంది. పక్కనున్న "పూర్వ" అన్న మాట దగ్గర ఆగిపోయాడు.

"పూర్వ అంటె?" అడిగింది సోమక్క.

"పూర్వం అంటె ఎన్కట అనే గద."

"అంటె పిల్లకు ఎన్కట క్యాన్సర్ ఉండెనా? మనకు తెల్వకుంటనా?"

"ఏమో, గట్లనే రాసిండ్రు. ఉండె, పోయె అన్నట్టా? ఉన్నదన్నట్టా? నాకు సమజైతలేదు."

వెంకటవ్వ మధ్యలో అందుకుంది. "పిల్ల లేడిపిల్ల లెక్క ఉరుకుతాంది. క్యాన్సర్ ఏంది మీ మొఖం! ఎవలకో రాసేది ఈమెకు రాసిండ్రు."

ఆ మాట గణపతికి ఊరటనిచ్చింది. మర్నాడు నేరుగా బడికి వెళ్లాడు. వాసుదేవ్ సర్ రిజిస్టరు తీసి వేలు పెట్టి చూపించాడు. పేరు సరిగ్గానే ఉంది. హాజరు నంబరు సరిగ్గానే ఉంది.

"సర్, ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. నేను ఇరవై ఏండ్ల సంది తింటాన. మీరు తింటరు. మనకు లేంది, తినని పిల్లకు ఎట్లొస్తది?"

వాసుదేవ్ సర్ లేచి కిటికీలోంచి బయటికి ఉమ్మి వచ్చాడు. "అదే నాకు గూడ సమజైతలేదు గణపతీ," అన్నాడు.

ఆ రెండు రోజులు ఆ ఇంట్లో ఎవరికి ఏం చేయాలో తోచలేదు. మందుల దుకాణంలో చీటీ చూపిస్తే నోట్లో పూసుకునే మందు ఒకటి, బలానికి గోలీలు కొన్ని ఇచ్చి "వేడి చేసి ఉంటది" అన్నారు. పక్కింటి పోశక్క వచ్చి, "దవాఖానల ముక్క కోసి సూస్తరట. బ్లేడు తాకిందంటె ఒళ్లంత పాకుతదట, పోనియ్యకు," అని చెవిలో చెప్పి పోయింది. నొప్పి ఉందా అని గంటకోసారి అడిగేవారు. లేదనేది ప్రణాలి. నొప్పి లేని రోగానికి మందేమిటో, రోగం లేకపోతే చీటీ ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

సోమక్కకు ఒక్కటే దారి కనిపించింది. పిల్ల దాస్తోంది. దోస్తులెవరో అలవాటు చేశారు. బడి సంచి దులిపింది. గుడ్డల పెట్టె వెతికింది. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా కోపం వచ్చి, దుకాణపోణ్నీ దోస్తులనూ తిట్టి వచ్చింది.

"ఎవలు నేర్పిండ్రే నీకు? ఏ దుకాణంల కొంటానవ్? చెప్తవా లేదా?"

"నేను తినలే అవ్వా! ఎన్నిసార్లు చెప్పాలె?"

చెంప మీద ఒక్కటి పడింది. కూతుర్ని కొట్టడం సోమక్కకు అలవాటు లేదు. కొట్టాక తన చేతిని తానే చూసుకుంది. ప్రణాలి మూలకు పోయి కూర్చుంది. తినలేదన్నది నిజం. నోరు తెరుచుకోవడం లేదన్నదీ నిజం. ఈ రెండూ ఎలా కలుస్తాయో ఆ పిల్లకు తెలియలేదు. తనకు తెలియకుండా తనలో ఏదో పుట్టిందేమోనన్న భయం పట్టుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆశా కార్యకర్త యాదక్క ఇంటికి వచ్చింది. సంగతంతా విని, "పూర్వ అంటె ఎన్కట గాదు సోమక్కా. రాకముందు అని. క్యాన్సర్ రాకముందు కనవడే గుర్తులు," అని చెప్పింది.

"అంటె వస్తదా?"

"రావచ్చు. రాకపోవచ్చు."

"ఇదేం ముచ్చటనే తల్లీ! ఉన్నదనరు, లేదనరు. వస్తదనరు, రాదనరు. నేనేం అర్థం చేసుకోవాలె?"

"అందుకే రేపు రమ్మంటున్నరు. జర చెయ్యి కడుక్కోని రా, నీ నోరు గూడ సూద్దాం."

సోమక్కకు మూడు వేళ్లూ సులువుగా పట్టాయి. వెంకటవ్వకు ఉన్న నాలుగు పళ్ల మధ్య కూడా పట్టాయి. "సూడు, అరవై ఏండ్ల సంది దవడల పొగాకు పెడుతున్న. నాకేమైంది?" అని ముసలామె గెలిచినట్టు చూసింది. యాదక్క గణపతి వైపు తిరిగింది.

"నాకెందుకు? చీటీ పిల్లది," అన్నాడు గణపతి.

"ఊకె సూద్దాం బావా."

విసుక్కుంటూనే వేళ్లు పెట్టుకున్నాడు. ఒక వేలు పట్టింది. రెండోది సగంలో ఆగిపోయింది.

"నాది మొదటి సందే చిన్న నోరు," అంటూ గణపతి లేచి వల సర్దుకునే నెపంతో బయటికి వెళ్లిపోయాడు.

గురువారం ముగ్గురూ సిరొంచ బస్సెక్కారు. ఆసుపత్రిలో వసుధ ఈసారి ఖర్రా మాట ఎత్తలేదు. ప్రణాలిని పక్కన కూర్చోబెట్టుకొని, "పొద్దున లేచినప్పటి సంది బడికి పోయేదాక ఏమేం చేస్తవో వరుసగ చెప్పు," అంది.

"లేస్త. మొఖం కడుక్కుంట. బాపుకు ఖర్రా రుద్దుత. చాయ తాగుత..."

"ఆగు. ఖర్రా రుద్దినంక ఏం చేస్తవు?"

"సున్నం సరిపోయిందా లేదా సూస్త."

"ఎట్ల చూస్తవు?"

"జరంత నోట్లె ఏసుకొని."

"ఏసుకొని ఉమ్మేస్తవా?"

ప్రణాలి ఆలోచించింది. ఈ ప్రశ్న ఇంతవరకూ ఆమెను ఎవరూ అడగలేదు. తనను తాను కూడా అడుక్కోలేదు. "లేదు... దవడల పెట్టుకుంట. ఈ పక్క. బడికి పోయేదాక ఉంటది. మాపటికి మళ్ల బాపుకు రుద్దినప్పుడు..."

"ఎన్నేండ్ల సంది?"

"మూడో తరగతి సంది." ఒక్క క్షణం ఆగి, నిజంగా తెలియక అడిగింది. "అది తినుడు గాదు గద మేడం? సూసుడే గద?"

గోడకు ఆనుకొని నిలబడ్డ సోమక్క వచ్చి కూతురి పక్కన కూర్చుంది. ఆ పనికి పిల్లను కూర్చోబెట్టిన మొదటి రోజున తనే చెప్పిన మాట ఆమె చెవుల్లో మోగింది. 'సున్నం ఎక్కువైతే బాపు నోరు పొక్కుతది బిడ్డా. నువ్వు రుచి సూసి ఇయ్యి.' రుచి సరిగ్గా కుదిరిన రోజు పిల్లను మెచ్చుకున్నది కూడా తనే.

"అవ్వా, నేను అబద్ధం చెప్పలే," అంది ప్రణాలి.

"తెలుసు బిడ్డా," అంది సోమక్క.

వసుధ ముగ్గురికీ అర్థమయ్యేలా చెప్పింది. చెడ్డది పొగాకు ఒక్కటే కాదు, వక్క కూడా. రోజూ దవడలో ఊరుతూ ఉంటే బుగ్గ లోపలి మెత్తని పొర బిగుసుకుపోతుంది. నోరు కొంచెం కొంచెంగా మూతపడుతుంది. కారం తగిలితే మండుతుంది. ముద్ద చిన్నదవుతుంది. "ఇది క్యాన్సర్ కాదు. క్యాన్సర్ దిక్కు పోయే తొవ్వ. పిల్ల ఆ తొవ్వల కొంత దూరం పోయింది. ఇక్కడనే ఆపుదాం."

"మళ్ల మునుపటి లెక్క అయితదా మేడం?"

"అబద్ధం చెప్పను సోమక్కా. గట్టిపడ్డది మొత్తం మెత్తగ కాకపోవచ్చు. ఇయ్యాల్టి నుంచి ఒక్క పలుకు గూడ నోట్లె పడకపోతే, మందులు వాడితే, రోజు నోరు సాగదీసే కసరత్తు చేస్తే, ఇంతకన్న పెరగకుండ చూడొచ్చు. కొంచెం తెరుచుకోవచ్చు గూడ. ఆ తెల్ల మచ్చలకెల్లి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం. బ్లేడు తాకితే పాకుతదని ఊళ్లల్ల అంటరు, అది నిజం కాదు. చూడకుండ వదిలేస్తేనే ముప్పు."

"మా అత్త అరవై ఏండ్ల సంది తింటాంది. ఆమెకేం కాలే. అదెట్ల?"

"అందరికి రాదు. ఎవరికి వస్తదో ముందుగాల చెప్పే విద్య మా దగ్గర లేదు. రానోళ్లను చూసి ధైర్యం తెచ్చుకునుడే దీంట్ల పెద్ద మోసం."

అలా చెబుతూనే ఆమె గణపతిని గమనిస్తోంది. అతను వచ్చినప్పటి నుంచీ పళ్లు కరిచిపెట్టుకున్నట్టు మాట్లాడుతున్నాడు. "మీరు గూడ ఒకసారి కూసోండి," అంది.

"చీటీ పిల్లది మేడం."

"కూసోండి."

పిల్ల నోరు చూడటానికి పట్టిన సమయానికి రెండింతలు తండ్రి నోరు చూడటానికి పట్టింది. కుడి దవడ వెనక, అద్దంలో కూడా కనబడని చోట, అంచులు గట్టిపడిన పుండు ఉంది.

"ఇది ఎప్పటి సంది?"

"ఎండకాలం సంది. నొప్పి లేదు మేడం. అందుకే ఎవలకు చెప్పలే."

వసుధ మరో కాగితం రాసింది. ఈసారి చంద్రపూర్ పెద్దాసుపత్రికి. సోమక్క ఆ కాగితాన్నీ, మొగుణ్నీ మార్చి మార్చి చూసింది. పిల్లకు క్యాన్సరేమోనని బస్సెక్కారు. పిల్లను ఇంటికి పొమ్మంటున్నారు, బాగానే ఉన్న మనిషిని చంద్రపూర్ పొమ్మంటున్నారు. నవ్వుతూ తిరిగే మనిషికి రోగమేమిటి? నది దాటి మంచిర్యాల పోతే దగ్గర కదా అని గణపతి అంటే, మన మహారాష్ట్ర ఆరోగ్య కార్డు అవతల తెలంగాణలో నడవదని నర్సు చెప్పింది. ఏ దిక్కుకు పోవాలో, ముందు ఎవరి కోసం ఏడవాలో తెలియక సోమక్క ఆసుపత్రి మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయింది. కూతురే చేయి పట్టి లేపింది.

పక్షం రోజుల తర్వాత ప్రణాలి పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సర్ లేదు. మచ్చ మీద కన్నేసి ఉంచాలి, మూడు నెలలకోసారి చూపించుకోవాలి. చంద్రపూర్‌లో చేసిన గణపతి పరీక్ష ఫలితం కూడా వచ్చింది. క్యాన్సరే. కాకపోతే చిన్నది, మెడ గ్రంథులకు పాకలేదు. అక్కణ్నుంచి నాగపూరుకు పంపితే ఆపరేషన్ చేశారు. దవడలో కొంత తీసేశారు. "ఇంకో ఆరు నెలలు ఆగి వచ్చుంటే నా చేతిల ఏమీ ఉండకపోయేది," అన్నాడు అక్కడి డాక్టరు. నెలన్నర తర్వాత గణపతి ఇల్లు చేరాడు. కుడి బుగ్గ లోపలికి లాగేసినట్టుంది. మాట ముద్దగా వస్తోంది. అన్నం గంజిలా చేసి పెట్టాలి. కానీ బతికి వచ్చాడు.

ఆ సంవత్సరం నాట్ల పని సోమక్క ఒక్కతే చూసుకుంది. ప్రణాలి రోజూ పొద్దున ఐస్‌ఫ్రూట్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకొని నోరు సాగదీసేది. వారాల తరబడి చేస్తే ఇంకొక్క పుల్ల పట్టేది. కొన్ని వారాలు అదీ పట్టేది కాదు. విసుగొచ్చి పుల్లలు విసిరికొట్టిన రోజులున్నాయి. దవడలో ఏమీ లేకపోతే తల తిరిగినట్టయి, అకారణంగా తమ్ముడి మీద అరిచిన రోజులున్నాయి. తనకు అలవాటంటూ ఒకటి ఉందని ఆ పిల్లకు మానేశాకే తెలిసింది.

ఊళ్లో మాటలు ఆగలేదు. ఆ పిల్ల చాటుగా తిన్నదనీ, తండ్రి రోగం పిల్లకు అంటుకుందనీ, కాదు పిల్లదే తండ్రికి అంటుకుందనీ ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. చీటీలు అందుకున్న నలుగురు మగపిల్లల్లో ఇద్దరు ఆసుపత్రికే పోలేదు.

డిసెంబరులో బడిలో తల్లిదండ్రుల సభ పెట్టారు. జీపు మళ్లీ రాబోతోంది, పిల్లలందరినీ చూపించడానికి ఒప్పుకోవాలని చెప్పడానికి. వసుధ మాట్లాడింది. తలలు ఊపారు. కొందరు మధ్యలోనే లేవబోయారు. అప్పుడు ఎవరూ పిలవకుండానే సోమక్క లేచింది. నలుగురిలో నోరు విప్పడం ఆమెకు అదే మొదలు. కొంగు గట్టిగా పట్టుకుంది.

"నా బిడ్డకు ఖర్రా ఎవలు అలవాటు చేసిండ్రని నేను ఊరంత అడిగిన. దుకాణపోన్ని తిట్టిన. దోస్తులను తిట్టిన. బిడ్డను కొట్టిన. ఆఖరికి తెలిసింది ఏందంటె, అలవాటు చేసింది నేనే. రుచి సూడు బిడ్డా అన్న. పనిమంతురాలు అన్న. విషం అనుకోలే, పని నేర్పుతున్న అనుకున్న."

వెనక నుంచి ఒక పెద్దమనిషి అడ్డుపడ్డాడు. "ఆడపిల్ల ముచ్చట నలుగుర్ల చెప్పుకుంటరా సోమక్కా? రేపు ఆ పిల్లకు మంచిదా?"

ఆడవాళ్ల వరుస చివర ప్రణాలి లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది. "చెప్పనియ్యి పెద్దబాపు. నాకు తెల్వక అయింది. ఇంకొకలకు తెలిస్తె మంచిదే గద."

ఆ మాటకు ఆయన తల దించుకున్నాడు. కుర్చీలో ఉన్న వాసుదేవ్ సర్ కూడా లేచాడు. "ఆనాడు మగపిల్లలను ముందు పెట్టి, ఆడపిల్లలది ఊకనే అన్నది నేను. తరగతిలకెల్లి పిల్లలను ఖర్రాకు పంపింది గూడ నేనే. నేను చెప్పే పాఠం ఏ పిల్ల నమ్మాలె?" అని వసుధ ముందుకు వెళ్లి కుర్చీలో కూర్చొని నోరు తెరిచాడు. ఆయనకు రెండు వేళ్లు పట్టాయి. వసుధ పేరు రాసుకుంది. ఆయన వెనక ముందు ఇద్దరు, తర్వాత అయిదుగురు, ఆ తర్వాత లెక్క లేకుండా జనం నిలబడ్డారు. తల్లులు ఆడపిల్లల్ని ముందుకు తోశారు. రాకుండా ఇంటికి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. అందరూ మారిపోయారని చెప్పడం అబద్ధమవుతుంది.

గణపతి బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. తనూ ఏదో చెప్పాలని ప్రయత్నించాడు కానీ ఆ సందడిలో అతని ముద్దమాట ఎవరికీ అందలేదు. సోమక్క వంగి విన్నది. విని, లేచి, గట్టిగా అందరికీ చెప్పింది.

"మా ఆయన ఏమంటున్నడంటె, నొప్పి లేదని నేను ఊకున్న, నొప్పి లేదని మీరు ఊకోకుండ్రి. నొప్పి వచ్చినంక డాక్టరు చేతుల ఉన్నది తక్కువ. నొప్పి లేనినాడే పిల్లల నోరు చూపించుకునుడు మన చేతుల ఉన్నది."